కేజీఎఫ్‌లో బావ టోకెన్

పోయిన నెల ఒక బుధవారం సాయంత్రం మా అక్క సరోజ ఫోన్ చేసింది. పన్నెండేళ్ళలో ఆమె నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి. "రే రమణా, శుక్రవారం కామసముద్రంలో మీ బావకు కర్మ చేస్తాండాము. నువ్వు కచ్చితంగా రావల్ల," అని చెప్పి పెట్టేసింది. బాగున్నావా అని కూడా అడగలేదు. అడగకపోవడానికి కారణం నా నోరే, అది తర్వాత చెబుతాను. ఈ బ్లాగులో ఇంతవరకు జలపాతాలు, కోటలు, ఏ ఊళ్ళో దోసె బాగుంటుంది వంటివే రాశాను. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ గురించి రాయమని మీలో చాలామంది అడిగారు, ప్రతిసారీ తప్పించుకున్నాను. సినిమా చూసిన హుషారులో బయల్దేరేవాళ్ళకు ఇది అంత రుచించదు. అయినా బస్సులు, చార్జీలు, వేళలు అన్నీ ఇందులోనే ఉన్నాయి, ఓపికగా చదువుకోండి.

ముందు బావ సంగతి. ఆయన పేరు మునిరత్నం. బంగారు గనిలో ఇరవై ఏళ్ళు భూమి లోపల పనిచేశాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది, దాన్ని టోకెన్ అనేవాళ్ళు. దిగేముందు నిలువు బావిలాంటి షాఫ్టు దగ్గరి బోర్డులో తన మేకుకు తగిలించాలి, పైకి వచ్చాక తీసుకోవాలి. షిఫ్టు ముగిశాక బోర్డు మీద టోకెన్ మిగిలిందంటే మనిషి లోపలే చిక్కుకున్నట్టు. ఎవడి టోకెన్ వాడే తీయాలి. పొరపాటున ఇంకొకడు తీస్తే కింద ఉన్నవాణ్ణి వెతికే దిక్కు ఉండదు కాబట్టి, అంతకు మించిన పాపం గనిలో లేదు. గని మూతపడిన తర్వాత బావ ఆ బిళ్ళను ఇంటికి తెచ్చుకున్నాడు. నాలుగు రోజులు వాచ్‌మన్‌గా, నాలుగు రోజులు మేస్త్రీ కింద పనిచేశాడు, ఏదీ నిలవలేదు. చివరికి కంచె దాటి పాత సొరంగాల్లోకి దిగి రాగి తీగలు తెచ్చి అమ్మడం మొదలుపెట్టాడు. పోతున్నానని పెళ్ళాంతో చెప్పేవాడు కాదు. గుమ్మం పక్కన మేకుకు టోకెన్ తగిలించి వెళ్ళేవాడు, తిరిగొచ్చి తీసి జేబులో వేసుకునేవాడు. పన్నెండేళ్ళ కింద ఒక తెల్లవారుజామున తగిలించి వెళ్ళాడు, మళ్ళీ తీయలేదు. లోపల నీళ్ళు, విషవాయువు, దిగడం కుదరదని వెతకడానికి వచ్చినవాళ్ళు తేల్చేశారు. శవం దొరకలేదు.

అప్పుడు నేను వెళ్ళాను. మదనపల్లెలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పేవాణ్ణి, దేవుడు లేడని రోడ్డు మీద నిలబడి వాదించే రోజులు. అక్క ఏడవకుండా గుమ్మంలో కూర్చుని ఉంది. ఓదార్చడం చేతకాక పాఠం చెప్పాను. "టోకెన్ మేకుకే ఉందంటే మనిషి లోపలే ఉన్నాడని. లోపల ఉన్నాడంటే లేడని. రుజువు కళ్ళ ముందు పెట్టుకుని ఆశ ఎందుకక్కా?" అన్నాను. నోరా వీపుకు తేకే అంటారు, నాకు మాత్రం ఆ నోరే అక్కను లేకుండా చేసింది. "బయటికి పో," అంది. పోయాను. పన్నెండేళ్ళు అంతే.

శుక్రవారం పొద్దున ఐదుంబావుకు మదనపల్లెలో కోలారు బస్సెక్కాను. టికెట్ నూటముప్ఫై దాకా అయింది, శ్రీనివాసపురం మీదుగా రెండున్నర గంటలు పట్టింది. కోలారులో దిగేసరికి టమోటా మార్కెట్టుకు పోయే లారీలు రోడ్డు నిండా ఉన్నాయి, చితికిన టమోటాల పులుపు వాసన బస్టాండు దాకా కొడుతోంది. రెండు ఇడ్లీ, ఒక వడ, కాఫీ కలిపి డెబ్బై రూపాయలు. అక్కడి నుంచి రాబర్ట్‌సన్‌పేటకు అర్ధగంటకొక బస్సు ఉంది, యాభై లోపే, గంట ప్రయాణం. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళు మారికుప్పం రైలెక్కితే నేరుగా గనుల మధ్యలోనే దిగవచ్చు. ఐతే పొద్దున రైళ్ళన్నీ ఇక్కడి నుంచి బెంగళూరు పనికి పోయేవాళ్ళతో కిక్కిరిసి ఉంటాయి, మీరు ఎదురుదిక్కులో వస్తారు కాబట్టి సీటుకు కొదవ లేదు. ఊరు దగ్గరపడుతుంటే సైనైడ్ దిబ్బలు కనబడ్డాయి. బంగారం తీసుకున్నాక మిగిలిన పిండిమట్టి అది, ఒక్కోటి చిన్న కొండంత ఉంది. గాలికి ఆ బూడిదరంగు దుమ్ము లేచి కిటికీలోంచి నా నోట్లో పడింది.

బస్టాండులో ఆటో డ్రైవరు సెల్వం నన్ను చూడగానే సంచి లాక్కున్నాడు. "ఏమి సార్, సినిమా చూసి వచ్చినారా? షాఫ్టు, దిబ్బ, దొరల బంగ్లా, అంతా మూడు గంటల్లో చూపిస్తా. ఎనిమిది నూర్లు ఇయ్యండి," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా బావ ఆ షాఫ్టుల్లోనే పోయాడు, ఆయన కర్మకే వచ్చానని కసిరాను. సెల్వం నా సంచిని బండిలో పెట్టాడు. "మా నాయన కూడా గనే సార్. రాతిదుమ్ముకు ఊపిరితిత్తులు పోయి చచ్చినాడు," అన్నాడు. అక్క ఉండే చాంపియన్ లైన్లకు వంద రూపాయలు, మధ్యాహ్నం కర్మకు కామసముద్రం పోయి రావడానికి తొమ్మిది వందలకు ఒప్పుకున్నాడు. దారిలో తుప్పు పట్టిన షాఫ్టు టవరు ఒకటి చూపించి, దాని కింద ఒకప్పుడు మూడు మతాల పటాలూ వరసగా ఉండేవని, వాటిని తాకకుండా ఒక్కడూ కేజ్ ఎక్కేవాడు కాదని చెప్పాడు. కేజ్ అంటే మనుషుల్ని తాడు మీద కిందకు దించే ఇనుప పెట్టె. నా పాత బుద్ధి ఊరుకుంటుందా, "అంతమందికీ దేవుడున్నాడని గట్టిగా తెలుసా ఏం?" అన్నాను.

"ఏం మాట సార్ అది! తాడు తెగదని తెలిస్తే ఎవుడు మొక్కుతాడు? తెగుతాదని తెలిస్తే ఎవుడు ఎక్కుతాడు?" అన్నాడు సెల్వం, వెనక్కి తిరగకుండానే.

లైన్లంటే కార్మికుల ఇళ్ళ వరసలు. పది అడుగుల గది, ముందు చిన్న వసారా, రేకుల కప్పు. అక్క జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. మొహాన పసుపు, కాసంత కుంకుమ, చేతినిండా గాజులు. ఆమె గుమ్మం పక్కన మేకుకు టోకెన్ అలాగే ఉంది. రోజూ తుడుస్తుందేమో, తళతళ మెరుస్తోంది. దాని కింద చిన్న గూట్లో దీపం. నన్ను చూసి, "చిక్కిపోయినావే," అంది. రాగి సంగటి, వేరుశెనగ పచ్చడి పెట్టింది, తిన్నాను. మేనల్లుడు గిరి కోలారు దగ్గరి నరసాపురంలో మోటారుబండ్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. రాత్రి షిఫ్టు ముగించుకుని కంపెనీ బస్సులో అప్పుడే వచ్చాడు, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఈ కర్మకు పట్టుబట్టింది వాడే.

"నాకు పదహైదేండ్లప్పుడు పోయినాడు మామా," అన్నాడు వాడు చెయ్యి కడుక్కుంటూ. "ఇంట్లో ఒక మనిషి ఉండాడా లేడా అని తెలీకుండానే నాకు ఇరవై ఏడొచ్చె. కామసముద్రం అయ్యవారు చెప్పినాడు, పన్నెండేండ్లు నిండితే దర్భతో బొమ్మ చేసి దహనం చెయ్యొచ్చంట. నాయనకు ఒక దారి, మాకు ఒక దారి." బొమ్మ గుండె మీద పెట్టడానికి ఆయన ఒంటిని అంటుకున్న వస్తువు ఒకటి తెమ్మన్నారట. టోకెన్ సంగతి విని, అదే తీసుకురమ్మన్నారట.

అప్పుడు అక్క నన్ను ఎందుకు పిలిపించిందో బయటపెట్టింది. "నేను తియ్యలేను రా. వీడూ తియ్యలేడు. నువ్వు తియ్యి."

"నేనా?"

"నీకు దేవుడు లేడు గదా, పాపం లేదు గదా. ఆ పొద్దు రుజువని చెప్తివే. దాన్ని నువ్వే తియ్యి."

అందులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగింది. గిరి గోడవైపు తిరిగాడు. "నేను ఎన్నోతూర్లు చెయ్యి పెట్టినాను మామా. నాయన నా చెయ్యి పట్టుకొని చెప్పినాడు చిన్నప్పుడు, ఎవుడి టోకెన్ వాడే అని," అన్నాడు.

తీసేద్దామనే లేచాను. ఆవగింజంత బరువుండదు, ఇత్తడి ముక్క. అప్పుడు అక్క నాకు ఒక పాత సంగతి చెప్పింది, పన్నెండేళ్ళ కింద పాఠం చెప్పే తొందరలో నేను వినకుండా వదిలేసిన సంగతి. గిరి మూడు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఒకరోజు షిఫ్టు ముగిసి అందరూ పైకొచ్చారు, బోర్డు మీద బావ టోకెన్ ఒక్కటే మిగిలింది. సైరన్ మోగింది. అక్క పసివాణ్ణి చంకనేసుకుని షాఫ్టు దగ్గరికి పరిగెత్తింది. మనుషులు దిగి వెతికారు, ఆడవాళ్ళు అప్పుడే శోకాలు మొదలుపెట్టేశారు. నాలుగు గంటల తర్వాత బావ లుంగీ కట్టుకుని, పళ్ళు కుట్టుకుంటూ వచ్చి ఏమి గుంపని అడిగాడట. తన షాఫ్టులో కేజ్ చెడిపోయిందని లోపలి దారుల్లో నడిచి, ఇంకో షాఫ్టులోంచి పైకి వచ్చేశాడు. టోకెన్ మరిచిపోయి ఇంటికి పోయి తిని పడుకున్నాడు. వారం రోజులు పని ఆపేశారు ఆయనకు.

"ఈ షాఫ్టులో దిగి ఆ షాఫ్టులో వచ్చినాడు రా," అంది అక్క. "లోపల దారులు ఎన్నో, నీకు తెలుసునా? ఒకతూరి వచ్చినోడు రెండోతూరి రాడని యాడ రాసుండాది?"

నేను సైన్సు మాస్టర్ని. పన్నెండేళ్ళు నీళ్ళలో, చీకట్లో మనిషి బతకడని తెలుసు. తెలిసే చెయ్యి చాపాను. వేళ్ళు టోకెన్ దాకా పోయాయి, నంబరు చదివాను, ఒకటి ఒకటి నాలుగు ఏడు. తీస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. కింద ఎవరూ లేరు. ఒకవేళ ఉంటే, అని నా బుర్రలో ఏదో పాడుమాట మెదిలింది. అంతే, నా చెయ్యి వణికింది. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు దెయ్యాలు లేవు, దేవుళ్ళు లేరు అని నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెప్పినవాణ్ణి, ఒక ఇత్తడి బిళ్ళ ముందు నిలబడి చెమటలు తుడుచుకున్నాను. చెయ్యి దించేశాను.

అక్క నా మొహం చూసింది. "తెలిసినోడి చెయ్యి వణకదు రా," అంది మెల్లగా. గిరి టోకెన్‌కు బదులు అటక మీంచి బావ గనిలో పెట్టుకునే పాత హెల్మెట్ దించి సంచిలో వేసుకున్నాడు.

పదకొండున్నరకు సెల్వం ఆటోలో కామసముద్రం బయల్దేరాం. బావ సొంత ఊరు అది, ఆంధ్ర సరిహద్దుకు దగ్గర. ముప్పావు గంట పట్టింది, దారిపొడుగునా మామిడితోటలు, రాగి చేలు. ఊరి బయట వంక గట్టున, వాగును ఇక్కడ వంక అంటారు, కర్మ చేయించే అయ్యవారు దర్భలతో మనిషి ఆకారం కడుతున్నారు. డెబ్బై దాటినాయన, చేతులు చకచకా కదులుతున్నాయి. తలకు కొబ్బరికాయ పెట్టారు. ఆ కాయ మీద గిరి వాళ్ళ నాయన హెల్మెట్ బోర్లిస్తే, నాకు చూడబుద్ధి కాలేదు. టోకెన్ ఏదని అడిగారు. తీయడానికి ధైర్యం చాలలేదని, నేను నమ్మకం లేనివాణ్ణని, అయినా అలా జరిగిందని ఒప్పుకున్నాను.

"అనుమానం పీకుతాంటే భక్తి యాడిదప్పా?" అన్నారాయన దర్భ ముడి బిగిస్తూ. "నాకు ఒక్క పొద్దు కూడా అనుమానం రాలే. దేవుడు ఉండాడు, ఈ వంక ఉన్నట్టే ఉండాడు. తెలిసినప్పుడే మొక్కు నిజమవుతాది."

నేను ఊరుకుంటే బాగుండేది. "వంక ఉందని ఎవరూ నమ్మరు స్వామీ, చూస్తారు. చూసినదానికి నమ్మకం ఎందుకు?" అన్నాను. ఆయన నాకేసి జాలిగా చూశారు. జవాబు మాత్రం అక్క ఇచ్చింది, ఆయనకే.

"అనుమానం లేకుంటే నేను పన్నెండేండ్లు పసుపు పూసుకునుంటానా సామీ? ఆ మొదటి దినమే తుడిచేసుకుందును."

ఆయన ముడి విప్పి మళ్ళీ కట్టారు. ఎండ మాడ్చేస్తోంది. సెల్వం ఆటో దిగి వచ్చి చెప్పులు విప్పి దూరంగా నిలబడ్డాడు.

నిప్పు పెట్టేముందు వాళ్ళ వైపు ఒక ఆచారం ఉందట. శవం లేకుండా చేసే దహనంలో కొడుకు దక్షిణం వైపు తిరిగి మూడుసార్లు పిలవాలి, బతికుంటే పలుకుతాడని. మూడోసారి పిలిచాక భార్య సరేనంటేనే నిప్పు. గిరి కొరివి పట్టుకుని పిలిచాడు. "నాయనా!" వంక అవతల ఎవరో మేకలు తోలుకుపోతున్నారు. "నాయనా!" దూరంగా మద్రాసు లైను మీద రైలు పోయింది, ఆ మోత ఆగేదాకా వాడు నిలబడ్డాడు. మూడోసారి వాడి గొంతు పగిలి చిన్నపిల్లాడి గొంతైపోయింది. ఆ తర్వాత ఎవరూ కదల్లేదు. అక్క తలవంచుకుని వింటోంది. అయ్యవారు, దేవుడున్నాడని గట్టిగా తెలిసిన ఆ ముసలాయన, ఆయన కూడా వింటున్నారు. నేనూ చెవులు రిక్కించి విన్నాను. కేజీఎఫ్‌లో ఎక్కడో దిగినవాడు కామసముద్రం వంకలో పలుకుతాడేమోనని విన్నాను. ఎంతసేపో తెలియదు, కొరివి గిరి వేళ్ళ దాకా కాలుతూ వచ్చింది.

"పెట్టు నాయనా," అంది అక్క.

దర్భ కదా, చూస్తుండగానే మండిపోయింది. హెల్మెట్ మాత్రం కరిగి నల్లగా ముద్దైంది. ఊళ్ళోని ముసలమ్మలు ఇద్దరు అక్క దగ్గరికి వచ్చారు, గాజులు పగలగొట్టడానికి. వాళ్ళను చూడగానే నేను అడ్డం పోబోయాను. అక్క చెయ్యి చాచి వాళ్ళనూ నన్నూ ఆపింది. ఎవరి చేతా చేయించుకోలేదు. తానే గాజులు ఒక్కొక్కటీ విరగకుండా తీసి, తానే తాళి తీసి, వంక నీళ్ళతో మొహం కడుక్కుంది. పసుపు పోయిన ఆ మొహాన్ని నేను గుర్తుపట్టలేకపోయాను. అప్పుడు ఏడ్చాను, మాస్టరుగిరీ అంతా పక్కనపెట్టి బోరున ఏడ్చాను.

నాలుగింటికి మళ్ళీ లైన్లకు చేరాం. సెల్వం మాట్లాడుకున్న తొమ్మిది వందలు కూడా తీసుకోనని మొండికేశాడు, బలవంతంగా జేబులో పెట్టాను. గిరి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. అక్క స్నానం చేసి వచ్చి, గుమ్మం పక్క గూట్లో ఎప్పటిలాగే దీపం వెలిగించింది. పైన టోకెన్ అలాగే ఉంది.

"అయిపోయింది కదక్కా. ఇంక ఎందుకు?" అన్నాను. వాదానికి కాదు, నిజంగా తెలియక అడిగాను.

"తాళి నాది, నేను తీసినా. టోకెన్ ఆయనది." ఒత్తి ఎగదోసింది. "దేవుడి పటానికీ ఇట్లే పెడతాండా రా, ఉండాడని తెలిసి కాదు. ఉండాడని తెలిసుంటే మీ బావను యాడ పెట్టినావని జుట్టు పట్టుకొని అడుగుదును. లేడని తెలిసుంటే నూనె దండగ. నాకు రెండూ తెలీవు. పో, బస్సు పోతాది నీకు."

ఐదున్నరకు రాబర్ట్‌సన్‌పేటలో బస్సెక్కాను. కోలారులో మారి మదనపల్లె చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర అయింది. ఇంటికొచ్చాక చాలా రోజులు దీని మీదే ఆలోచించాను. విశ్వాసానికి అనుమానం ఉండి తీరాలా అని మీరు అడిగితే, నా దగ్గర శాస్త్రం ఏమీ లేదు. అయ్యవారు తనకు అనుమానమే లేదన్నారు, మూడో పిలుపు తర్వాత ఆయన మొహం చూశాను కాబట్టి నేను ఒప్పుకోను. నాకు నమ్మకమే లేదన్నాను, నా చెయ్యి ఒప్పుకోలేదు. అక్క ఒక్కతే తెలియదని చెప్పి, తెలియకుండానే రోజూ నూనె పోస్తోంది. ఆ పని ఎంత కష్టమో దాన్నే బండెడు మాటలతో కొట్టిపారేసిన నాకు పన్నెండేళ్ళు ఆలస్యంగా తెలిసింది. అక్క నన్ను క్షమించిందో లేదో ఇప్పటికీ తెలియదు. ప్రతి ఆదివారం ఫోన్ మాత్రం చేస్తున్నాను, ఎత్తుతోంది.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. షాఫ్టుల చుట్టూ కంచెలు ఊరికే వేయలేదు, ఫొటో కోసం కూడా దాటకండి. లైన్లలో ఎవరైనా కాఫీకి లోపలికి పిలిస్తే తప్పకుండా వెళ్ళండి, మంచి మనుషులు. గుమ్మం పక్కన మేకుకు ఇత్తడి బిళ్ళ కనబడితే మాత్రం, చూడడానికైనా సరే, చేత్తో తీయవద్దు. దాన్ని తీయవలసిన మనిషి వేరే ఉన్నాడు.